నేను రాసే డ్రైవర్ వల్ల బ్యాటరీ కాలిపోతుందా?

ప్రశ్న: నేను విజయవాడలో ఈసీఈ చివరి సంవత్సరం చదువుతున్నాను. రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ ఒకటి కొన్నాను. పోయినేడు బ్యాటరీ పాడైతే షాపులో 1,800 రూపాయలకి వేరేది వేయించాను. రోజంతా ఛార్జర్ పెట్టే ఉంటుంది. విండోస్‌లో కంపెనీవాళ్ల ప్రోగ్రామ్ 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపేది. లినక్స్‌కి మారాక ఆ సదుపాయం పోయింది. ఎంబెడెడ్ కంట్రోలర్ (ఛార్జింగ్, ఫ్యాన్ లాంటివి చూసుకునే చిన్న చిప్) రిజిస్టర్లు చదివి చూస్తే, హెక్స్‌లో, అంటే పదహారు ఆధారంగా ఉండే లెక్కలో, 50 ఉన్న చోటు ఒకటి దొరికింది. విండోస్‌లో పరిమితిని 60కి మార్చి వచ్చి చూస్తే అది 3సీ అయింది. అంటే 80, 60 అన్నమాటే కదా! అందులోకి నేరుగా రాసే చిన్న కెర్నెల్ మాడ్యూల్ (లినక్స్ గుండెకాయలాంటి కెర్నెల్‌లో చేరే డ్రైవర్) రాద్దామనుకుంటున్నాను. మా ఫ్రెండేమో "ఒక్క బైట్ తప్పు రాస్తే బ్యాటరీ పేలుతుంది, ఇల్లు కూడా పోతుంది" అని భయపెట్టాడు. మా ఇంట్లో ఛార్జింగ్ పెట్టే ప్లగ్ అమ్మ పడుకునే మంచం పక్కనే ఉంది. అందుకే టెన్షన్‌గా ఉంది. ఈ భయంలో నిజమెంత? ప్రమాదం లేకుండా నేర్చుకునే దారి ఉందా?

జవాబు: ముందు మంచం సంగతి. ఈ జవాబు పూర్తిగా చదవకపోయినా సరే, ఆ ల్యాప్‌టాప్ ఛార్జింగ్‌ని ఇవాళే ముందు గదికి మార్చండి. పరుపు, దిండు, కర్టెన్ దగ్గర లేని చోట, గచ్చు మీదో రాతి బల్ల మీదో పెట్టండి. మీ మాడ్యూల్ గురించి భయపడి ఈ మాట చెప్పడం లేదు. ఆ 1,800 రూపాయల బ్యాటరీ గురించి చెబుతున్నాను. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

మీ ఫ్రెండ్ చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. ఒక్క బైట్ తప్పు రాస్తే నష్టం జరిగే మాట వాస్తవమే. కానీ ఆయన అనుకున్న చోట జరగదు.

మామూలు ల్యాప్‌టాప్‌లో ఛార్జింగ్ ఎవరి చేతిలో ఉంటుందో చూద్దాం. అడుగున సెల్స్ ఉంటాయి. వాటిని పట్టుకుని ప్యాక్ లోపలే చిన్న సర్క్యూట్ బోర్డు ఉంటుంది. ప్రతి సెల్ వోల్టేజీనీ, ప్యాక్ వేడినీ, పారే కరెంటునీ అది కనిపెట్టుకుని ఉంటుంది. హద్దు దాటితే తన ట్రాన్సిస్టర్ స్విచ్‌లు ఆఫ్ చేసి సెల్స్‌ని బయటి ప్రపంచం నుంచి విడదీస్తుంది. ఆ స్విచ్‌లు కూడా పనిచేయని స్థితి వస్తే, మంచి ప్యాకుల్లో ఒక ఫ్యూజ్‌ని కావాలనే కాల్చేస్తుంది. ఇక ఆ ప్యాక్ శాశ్వతంగా పనికిరాదు. దీనిపైన మదర్‌బోర్డ్ మీద ఛార్జర్ చిప్ ఉంటుంది. ఎన్ని వోల్ట్‌లు, ఎన్ని ఆంప్‌లు కావాలో చాలా ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీయే చెబుతుంది. 1990ల నుంచీ వస్తున్న స్మార్ట్ బ్యాటరీ ప్రమాణంలో ఈ రెంటికీ విడివిడిగా రిజిస్టర్లు ఉన్నాయి. ఆ మాట విని ఛార్జర్ చిప్‌ని నడిపేది ఎంబెడెడ్ కంట్రోలర్, మనం పొట్టిగా ఈసీ అనుకుందాం. దాని పైన ఏసీపీఐ, అంటే హార్డ్‌వేర్‌తో మాట్లాడటానికి ఫర్మ్‌వేర్ (మెషిన్‌తోనే వచ్చే లోపలి సాఫ్ట్‌వేర్) ఇచ్చే ఏర్పాటు. ఆ పైన కెర్నెల్. మీ డ్రైవర్ ఉండేది అక్కడ. మీరు "80 దగ్గర ఆపు" అని ఈసీకి చెబుతారు, అంతే. సెల్‌లోకి ఎన్ని వోల్ట్‌లు పంపాలో చెప్పే అధికారం మీ మాడ్యూల్‌కి లేదు. ఆ రిజిస్టర్ నిజంగా శాతం పరిమితే అయితే, అందులో ఏ అంకె రాసినా ప్యాక్ మామూలుగా నిండే 100 శాతాన్ని మించి ఛార్జ్ కాదు.

చిక్కంతా ఆ "అయితే" దగ్గరే ఉంది.

ఈసీ ఒక్క బ్యాటరీనే చూసుకునేది కాదు. ఫ్యాన్ వేగం, కీబోర్డ్, మూత తెరిచిందీ మూసిందీ, పవర్ బటన్, వేడి ఎక్కువైతే మెషిన్‌ని ఆపేయడం, అన్నీ దాని పనులే. ఏసీపీఐ ద్వారా మనకి కనిపించే దాని జాగా 256 బైట్లు. పక్కపక్క ఇళ్లలా ఒకదాన్ని ఆనుకుని ఇంకొకటి ఉంటాయి. ఏ ఇంట్లో ఎవరున్నారో బయట బోర్డు ఉండదు.

చాలా ఏళ్ల కిందట నేనూ ఇలాగే కీబోర్డ్ లైటు కోసం ఒక రిజిస్టర్ కనిపెట్టానని సంబరపడి, ఆఫ్‌సెట్ (బైట్ వరస నంబరు) లెక్కలో ఒకటి తప్పి పక్క బైట్‌లో రాశాను. స్క్రీన్ మీద ఏమీ మారలేదు. అర నిమిషం తర్వాత గదిలో నిశ్శబ్దం తెలిసింది. ఫ్యాన్ ఆగిపోయింది. ఇంకో టెర్మినల్‌లో ప్రాసెసర్ వేడి 70, 80, 90 అని ఎక్కుతోంది. పాత విలువ తిరిగి రాద్దామంటే అప్పటికే కీబోర్డ్ పలకడం లేదు. పవర్ బటన్ ఎంతసేపు నొక్కి పట్టినా ఆగలేదు, ఆ బటన్ కూడా ఈసీ చేతిలోదే. ఛార్జర్ పీకి, వెనక గొళ్లెం జరిపి బ్యాటరీ ఊడదీశాక కానీ ఆగలేదు. మళ్లీ పెడితే ఈసీ కొత్తగా మొదలై అంతా మామూలైంది. ఆ మెషిన్‌కి చేత్తో ఊడే బ్యాటరీ ఉండబట్టి బతికిపోయింది. మీదానికి అడుగున ఎన్ని స్క్రూలున్నాయో ఒకసారి లెక్కపెట్టుకోండి.

మీ 50, 3సీ సంగతి చూద్దాం. విండోస్‌లో మార్చినప్పుడు అది మారింది కాబట్టి దానికీ పరిమితికీ సంబంధం ఉందన్నది ఖాయం. కానీ ఏం సంబంధం? అది ఈసీ ఆదేశం తీసుకునే చోటు కావచ్చు. లేదా వేరే దారిలో ఆదేశం అందుకుని, ఫలితాన్ని అక్కడ చూపిస్తూ ఉండవచ్చు. రెండోదైతే మీరు రాసినా ఏమీ జరగదు. "పనిచేయలేదే" అని పక్క బైట్‌లు గెలకడం అప్పుడే మొదలవుతుంది. నన్ను అడిగితే అసలు ప్రమాదం మొదటి రాతలో లేదు, ఆ రెండో రాతలో ఉంది. ఇంకోటి, ఒకే బైట్‌లో రెండు విషయాలు దాచడం ఈసీలకి అలవాటు. ఎంఎస్‌ఐ ల్యాప్‌టాప్‌లనే తీసుకోండి. వాటిలో 80 శాతం పరిమితి 50గా ఉండదు, డీ0గా ఉంటుంది. అంటే పైబిట్ ఒకటి అదనంగా వెలిగి ఉంటుంది. పైగా ఆ బైట్ కొన్ని మోడళ్లలో ఈఎఫ్ అనే అడ్రస్ దగ్గర ఉంటే, కొన్నిటిలో డీ7 దగ్గర ఉంటుంది. 2023లో వచ్చిన 6.4 కెర్నెల్‌లో చేరిన ఎంఎస్‌ఐ ఈసీ డ్రైవర్ తెరిచి చదవండి. అది చేసే మొదటి పని ఈసీ ఫర్మ్‌వేర్ వెర్షన్ చదవడం. తన పట్టికలో ఆ వెర్షన్ లేకపోతే లోడ్ కావడానికే ఒప్పుకోదు. ఒకే పేరుతో అమ్మిన రెండు ల్యాప్‌టాప్‌లలో కూడా ఈసీ ఫర్మ్‌వేర్ వేరుగా ఉండవచ్చని దాన్ని రాసినవాళ్లకి తెలుసు. మీ మాడ్యూల్‌కి మొదట రాయాల్సింది కూడా ఈ తిరస్కరించే భాగమే. పనిచేసే భాగం తర్వాత.

నేరుగా రాయడం కన్నా మంచి దారి చాలాసార్లు ఉంటుంది. ఆ విండోస్ ప్రోగ్రామ్ కూడా ఫర్మ్‌వేర్‌లో సిద్ధంగా ఉన్న ఏదో ఒక ఏసీపీఐ మెథడ్‌నో, విండోస్ కోసం పెట్టిన డబ్ల్యూఎంఐ మెథడ్‌నో పిలిచే ఉంటుంది. ఆ ఏసీపీఐ మెథడ్‌లు ఉండే డీఎస్‌డీటీ పట్టికని విప్పి, మీరు చూసిన ఆ ఆఫ్‌సెట్‌కి ఏ పేరు పెట్టారో వెతకండి. ఆ పేరుని ఏ మెథడ్ తాకుతోందో చూడండి. దొరికితే మీ డ్రైవర్ ఆ మెథడ్‌నే పిలవాలి. హద్దులు చూసుకోవడం, తాళం వేసి రాయడం లాంటివి కంపెనీవాళ్లు అందులోనే పెట్టి ఉంటారు. ఆసుస్ ల్యాప్‌టాప్‌లకి ఛార్జింగ్ పరిమితి డబ్ల్యూఎంఐ దారిలోనే వచ్చింది, 2019లో 5.4 కెర్నెల్‌తో. థింక్‌ప్యాడ్‌లకి అంతకుముందే 2018లో 4.17తో వచ్చింది. మీది ఏ కంపెనీదో ఉత్తరంలో రాయలేదు. మీ కెర్నెల్ పాతదైతే, కొత్తది వేసి పవర్ సప్లై డైరెక్టరీలో మీ బ్యాటరీ కింద ఛార్జ్ కంట్రోల్ ఎండ్ థ్రెషోల్డ్ అనే ఫైల్ ఉందేమో చూడండి. ఉంటే అసలు ఈ పనే అక్కర్లేదు.

మెథడ్ ఏదీ దొరక్క, ఈసీలోకి నేరుగా రాయక తప్పదనుకుంటే, ఈసీతో మాట్లాడే 62, 66 పోర్టుల్లోకి (ఇవీ హెక్స్ అంకెలే) మీరే బైట్‌లు తోయకండి. అదే సమయంలో కెర్నెల్ కూడా ఫ్యాన్ గురించో మూత గురించో ఈసీతో మాట్లాడుతూ ఉంటుంది. మీ ఆదేశంలో సగం, దాని ఆదేశంలో సగం కలిస్తే ఈసీకి మూడో ఆదేశం వినిపిస్తుంది. కెర్నెల్ ఇచ్చే ఈసీ రీడ్, ఈసీ రైట్ ఫంక్షన్లనే వాడండి. డీబగ్ కోసం ఉన్న ఈసీ సిస్ మాడ్యూల్ మామూలుగా చదవడానికి మాత్రమే ఎందుకు ఒప్పుకుంటుందో, రాయాలంటే ప్రత్యేకంగా పారామీటర్ ఎందుకు ఇవ్వాలో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. దాన్ని ఆన్ చేసి వదిలేయకండి.

"సరే, రాయడం ప్రమాదం, చదివితే ఏమవుతుంది" అనుకునేరు. ఇక్కడ పాత కథ ఒకటి చెప్పాలి. ఐబీఎం థింక్‌ప్యాడ్‌లలో ఒకప్పుడు 24ఆర్‌ఎఫ్08 అనే చిన్న మెమరీ చిప్ ఉండేది. మదర్‌బోర్డ్‌కి కావాల్సిన కీలక సమాచారం అందులో ఉండేది. లినక్స్‌లో వేడి సెన్సర్లని వెతికే ప్రోగ్రామ్ నడిపినవాళ్ల మెషిన్లు కొన్ని మళ్లీ లేవలేదు. ఆ ప్రోగ్రామ్ డేటా ఏమీ రాయలేదు. ఎస్ఎంబస్ (మెషిన్‌లోని చిన్న చిప్‌లు మాట్లాడుకునే దారి) మీద ప్రతి అడ్రస్‌కీ వెళ్లి "ఎవరైనా ఉన్నారా" అని తలుపు తట్టింది, అంతే. ఆ తట్టిన తీరుని ఆ చిప్ రాత ఆదేశంగా అర్థం చేసుకుని, తన డేటాని తనే చెరిపేసుకుంది. దాంతో లినక్స్ ఎస్ఎంబస్ డ్రైవర్‌లో ఐబీఎం మెషిన్ కనిపిస్తే లోడ్ కాకుండా ఆపే కోడ్ పెట్టాల్సి వచ్చింది. బ్యాటరీ కూడా చాలా ల్యాప్‌టాప్‌లలో ఇలాంటి బస్ మీదే ఉంటుంది. కాబట్టి మీకు తెలిసిన అడ్రస్‌నే చదవండి. "అన్నీ ఒకసారి చూద్దాం" అని బస్ మొత్తం స్కాన్ చేయకండి.

ప్యాక్ లోపలి చిప్ జోలికి వెళ్లే ఆలోచన వస్తే 2011 గుర్తుంచుకోండి. ఆ ఏడాది బ్లాక్ హ్యాట్ సదస్సులో చార్లీ మిల్లర్ అనే భద్రతా పరిశోధకుడు మ్యాక్‌బుక్ బ్యాటరీ చిప్ గురించి మాట్లాడాడు. చిప్ తయారీదారు ఇచ్చిన డిఫాల్ట్ పాస్‌వర్డ్‌లు మార్చకుండానే ఆ ప్యాకులు బయటికి వచ్చాయని, వాటితో లోపలి ఫర్మ్‌వేర్‌ని కూడా మార్చవచ్చని చూపించాడు. ఆ ప్రయోగాల్లో ఆయన చేతిలో చచ్చిన ప్యాకులు ఒకటి రెండు కాదు. అంత నైపుణ్యం ఉన్న మనిషికే అలా జరిగింది. స్మార్ట్ బ్యాటరీలో సున్నా నంబరు రిజిస్టర్‌ని తయారీదారు సొంత ఆదేశాల కోసం వదిలారు. మీరు డేటాషీట్ చేతిలో లేకుండా అందులో ఏదీ రాయకండి.

కెర్నెల్ రాసేవాళ్లలో పెద్దలకి కూడా ఈ దెబ్బలు తగిలాయి. 2013 మొదట్లో కొన్ని సామ్‌సంగ్ ల్యాప్‌టాప్‌లు యూఈఎఫ్ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన ఫర్మ్‌వేర్) దారిలో లినక్స్ బూట్ చేయగానే శాశ్వతంగా మూగబోయాయి. ముందు తప్పంతా సామ్‌సంగ్ ల్యాప్‌టాప్ డ్రైవర్‌దే అనుకుని, యూఈఎఫ్ఐలో అది లోడ్ కాకుండా చేశారు. తర్వాత తేలిందేమంటే, యూఈఎఫ్ఐ నిల్వ స్థలం ఎక్కువగా నిండితే చాలు, ఆ ఫర్మ్‌వేర్ తట్టుకోలేదని. విండోస్ నుంచి కూడా అలా చంపవచ్చని లినక్స్ డెవలపర్ మాథ్యూ గారెట్ చూపించాడు. 2017 డిసెంబరులో ఉబుంటు 17.10ని డౌన్‌లోడ్ పేజీ నుంచి తీసేయాల్సి వచ్చింది. బయోస్ ఉండే చిప్‌తో మాట్లాడే ఇంటెల్ ఎస్‌పీఐ డ్రైవర్ వల్ల కొన్ని ల్యాప్‌టాప్‌లలో, ముఖ్యంగా కొన్ని లెనోవో మోడళ్లలో, బయోస్ సెట్టింగ్‌లు సేవ్ కావడం మానేశాయి. వీటిలో ఎక్కడా మంట లేదు, పొగ లేదు. బతికున్న మెషిన్ రాయిలా మారడమో, సగం పనిచేయడమో జరిగింది. మీ మాడ్యూల్ వల్ల మీకు రాగల నష్టం ఈ జాతిది. మీకున్నది ఒక్క ల్యాప్‌టాపే, అందులోనే చివరి సంవత్సరం ప్రాజెక్టు ఉందంటే, అది చిన్న నష్టం కాదు. ముందు ప్రాజెక్టుని వేరే చోట కాపీ చేసుకోండి.

మంట భయం నిజమయ్యే చోటు వేరే ఉంది. చిన్న ఆర్మ్ బోర్డులు, ఆర్మ్ ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్లెట్లలో కొన్నిటికి మధ్యలో ఈసీ ఉండదు. పవర్ చిప్‌కి "ఇన్ని మైక్రోవోల్ట్‌లు, ఇన్ని మైక్రోఆంప్‌లు" అని కెర్నెల్ డ్రైవరే చెబుతుంది. ఆ అంకెలు, బోర్డులో ఏముందో కెర్నెల్‌కి చెప్పే డివైస్ ట్రీ ఫైల్‌లో ఎవరో ఒకరు చేత్తో టైప్ చేసినవే. మామూలు లిథియం అయాన్ సెల్ 4.2 వోల్ట్‌ల దగ్గర నిండుతుంది. కొన్ని కొత్త రకాలు 4.35 దాకా వెళ్తాయి. 4.2 సెల్‌కి 4.35 రాస్తే అది "కొంచెం ఎక్కువ నిండటం" కాదు. లోపలి రసాయనం తట్టుకోని చోటికి దాన్ని నెట్టడం. మీరు రేపు ఉద్యోగంలో చేరి ఇలాంటి బోర్డు మీద పనిచేస్తే, ఇవాళ్టి మీ ఫ్రెండ్ భయాన్ని పూర్తిగా వెంట తీసుకెళ్లండి. అక్కడ ఆ వోల్టేజీ అంకెని ఇద్దరు మనుషులు సెల్ డేటాషీట్‌తో పక్కపక్కన పెట్టి చూడాలి. ప్యాక్‌లో సొంత రక్షణ బోర్డు లేకుండా ఒట్టి సెల్‌ని అలాంటి బోర్డుకి తగిలించి డ్రైవర్ పరీక్షించడం నేను చేయను, ఎవరినీ చేయనివ్వను.

వేడి కూడా ఇంతే ముఖ్యం. 2006 ఆగస్టులో డెల్ 41 లక్షల ల్యాప్‌టాప్ బ్యాటరీలని వెనక్కి పిలిచింది. అదే నెలలో ఆపిల్ 18 లక్షలు. సోనీ తయారు చేసిన సెల్స్‌లోకి తయారీలోనే సన్నటి లోహపు రేణువులు చేరి, లోపలే షార్ట్ అయ్యే ప్రమాదం వచ్చింది. ఏ డ్రైవరూ దాన్ని ఆపలేదు, ఏ డ్రైవరూ దానికి కారణం కాదు. మరుసటి ఏడాది, 2007లో, జపాన్ పరిశ్రమ సంఘాలు నోట్‌బుక్ బ్యాటరీల ఛార్జింగ్‌కి మార్గదర్శకాలు ఇచ్చాయి. ఆ సంఘాల్లో ఒకటైన జైటా పేరుతో ఈ రంగంలో అందరూ చెప్పుకునేవి అవే. సుమారుగా 10 నుంచి 45 డిగ్రీల మధ్యే పూర్తి ఛార్జింగ్, ఆ హద్దులు దాటితే వోల్టేజీనో కరెంటునో తగ్గించాలి అన్నది వాటి సారం. ఈ 45 ప్యాక్ లోపలి అంకె. మే నెలలో మీ ఊళ్లో గాలే 44, 45 తాకే రోజులుంటాయి. అలాంటి మధ్యాహ్నం ఛార్జింగ్ నెమ్మదించినా, ఆగిపోయినా, "నా డ్రైవర్‌లో బగ్" అనుకుని కోడ్ మార్చకండి. ఈసీ తన పని తాను చేస్తోంది. పరీక్షలు పొద్దున్నే పెట్టుకోండి.

వేడి అంటే గుర్తొచ్చింది, యూనిట్లు. బ్యాటరీ డ్రైవర్లలో నేను చూసిన తప్పుల్లో ఎక్కువ ఇక్కడివే. స్మార్ట్ బ్యాటరీ తన వేడిని కెల్విన్‌లో పదో వంతులుగా చెబుతుంది. చిప్ 2981 అంటుంది. కెర్నెల్‌కి కావాల్సింది సెల్సియస్‌లో పదో వంతులు. 2981లోంచి 2731 తీసేస్తే 250, అంటే 25.0 డిగ్రీలు. తీసేయడం మర్చిపోతే మీ బ్యాటరీ 298 డిగ్రీల్లో ఉన్నట్టు చూపిస్తుంది. అది వెంటనే కంటికి తగులుతుంది కాబట్టి మేలే. కంటికి తగలనివి ప్రమాదం. ఏసీపీఐ మిల్లీలలో చెబుతుంది, కెర్నెల్ మైక్రోలలో అడుగుతుంది. కొన్ని ప్యాకులు మిల్లీవాట్ అవర్లలో, కొన్ని మిల్లీఆంప్ అవర్లలో చెబుతాయి. ఏదో ఒకటి చెబుతున్నామని ప్రకటించి ఇంకొకటి చెప్పిన ఫర్మ్‌వేర్లు కూడా ఉన్నాయి. డిస్‌ఛార్జ్ కరెంటుని 16 బిట్ల రుణ సంఖ్యగా పంపేవి ఉన్నాయి. సంఖ్య గుర్తు చూడకుండా చదివితే మైనస్ 1,000 కాస్తా 64,536 అయిపోతుంది. కెర్నెల్‌లోని ఏసీపీఐ బ్యాటరీ డ్రైవర్ నిండా ఇలాంటి మెషిన్ల కోసం పెట్టిన మినహాయింపులే. ఇలా తప్పు చూపిస్తే మంట రాదు, కానీ స్క్రీన్ మీద 30 శాతం ఉండగానే మెషిన్ టక్కున ఆగి రాసుకున్నదంతా పోతుంది.

ప్రమాదం లేకుండా నేర్చుకునే దారి అడిగారు. ఉంది, చాలామందికి తెలియదు. కెర్నెల్‌లోనే టెస్ట్ పవర్ అనే మాడ్యూల్ ఉంది. అది ఒక నకిలీ బ్యాటరీని, నకిలీ ఛార్జర్‌ని సృష్టిస్తుంది. శాతం, స్థితి, వోల్టేజీ అన్నీ పారామీటర్లతో మీరే మార్చవచ్చు. వర్చువల్ మెషిన్‌లో కూడా నడుస్తుంది. మీ మాడ్యూల్ చట్రమంతా ముందు దాన్ని చూసి రాయండి. ఈసీ చదివే, రాసే రెండు ఫంక్షన్ల చోట మీ సొంత 256 బైట్ల అర్రే పెట్టుకోండి. 80 రాయమంటే ఏ బైట్ మారిందో, 300 రాయమంటే మీ కోడ్ వద్దందా లేదా, మైనస్ 5 అంటే ఏం చేసిందో అక్కడే చూసుకోండి. అసలు మెషిన్ మీదికి వచ్చేసరికి మీకు ఒకే ఒక్క అనుమానం మిగలాలి, ఈ అడ్రస్ సరైనదేనా అని.

అసలు మెషిన్ మీద మొదటి వారం చదవడమే. నిమిషానికోసారి ఆ బైట్‌నీ, దాని చుట్టుపక్కల బైట్‌లనీ, బ్యాటరీ శాతం, వోల్టేజీ, కరెంటునీ ఫైల్‌లో రాసుకోండి. ఫ్యాన్ తిరిగినప్పుడు, మూత వేసినప్పుడు, ఛార్జర్ తీసినప్పుడు ఏవేవి మారుతున్నాయో చూడండి. మీ బైట్ వీటన్నిటికీ కదలకుండా, విండోస్‌లో పరిమితి మార్చినప్పుడు మాత్రమే మారితే అప్పుడు ముందుకెళ్లండి. మొదటి రాత విండోస్ ప్రోగ్రామ్ స్వయంగా పెట్టగల అంకెనే రాయండి. మీకు 80, 60 రెండూ చూసి తెలిసినవే. 50 శాతం పరిమితి మీరు చూడలేదు కాబట్టి అది వద్దు. బ్యాటరీ 70 దగ్గర ఉండగా ఛార్జర్ పెట్టి, 80 రాసి, పక్కనే కూర్చోండి. 80 దగ్గర కరెంటు సున్నాకి రావాలి, స్థితి నాట్ ఛార్జింగ్ అనాలి. ప్లగ్ స్విచ్ చేతికి అందేంత దూరంలో ఉండాలి. రాత్రి పెట్టి పడుకోవద్దు. తర్వాత మెషిన్‌ని నిద్రపుచ్చి లేపి, రీబూట్ చేసి, మాడ్యూల్ తీసేసి, ప్రతిసారీ ఆ బైట్ ఏమైందో చూడండి. కొన్ని ఈసీలు పరిమితిని గుర్తుపెట్టుకుంటాయి, కొన్ని మర్చిపోతాయి. ఛార్జర్ ఉన్నా బలవంతంగా డిస్‌ఛార్జ్ చేసే సదుపాయం ఏదైనా కనిపిస్తే ఇప్పట్లో దాని జోలికి పోకండి. మీ ప్రోగ్రామ్ మధ్యలో చచ్చిపోతే దాన్ని ఆపేవాళ్లు ఉండరు. బాగా అడుగంటిన సెల్ లోపల రాగి కరిగి, మళ్లీ ఛార్జ్ చేసినప్పుడు లోపలే షార్ట్ కావచ్చు.

ఇప్పుడు ఆ బ్యాటరీ. పైన ఇన్ని ధైర్యపు మాటలు చెప్పింది ప్యాక్ లోపలి రక్షణ బోర్డుని నమ్మి. డూప్లికేట్ ప్యాకుల్లో నాకు నమ్మకం లేనిది సరిగ్గా అదే. పైన స్టిక్కర్ అసలుదాన్ని మించి మెరుస్తుంది, లోపల పాత సెల్స్, నాసిరకం బోర్డు ఉండవచ్చు. కొన్ని ఆనవాళ్లు మీ కెర్నెలే చూపిస్తుంది. డిజైన్ సామర్థ్యం స్టిక్కర్ మీది అంకెతో కలవకపోవడం, ఏడాది వాడినా సైకిల్ కౌంట్ (ఎన్నిసార్లు నిండి ఖాళీ అయిందో లెక్క) సున్నాలోనే ఉండటం, పూర్తి సామర్థ్యం ఎన్నాళ్లైనా డిజైన్ సామర్థ్యంతో అక్షరాలా సమానంగా ఉండటం, 40 నుంచి ఒక్కసారిగా 5కి పడిపోవడం. కొన్ని మంచి ప్యాకులు కూడా సైకిల్ కౌంట్ చెప్పవు కాబట్టి ఒక్కదాన్ని పట్టుకుని తీర్పు చెప్పకండి. రెండు మూడు కలిస్తే మాత్రం ఆ ప్యాక్ మీద ఏ ప్రయోగమూ చేయకండి. డబ్బులు కూడేదాకా ఆగి కంపెనీ ప్యాక్ వేయించండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టున్నా, బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ ఊగినా, మూత సరిగా పడకపోయినా ప్యాక్ ఉబ్బుతోందని అర్థం. ఆ రోజే ఛార్జింగ్ ఆపేయండి. గుచ్చకండి, నొక్కకండి, మామూలు చెత్తలో వేయకండి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలని వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులదే, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడగండి.

ఎప్పుడైనా పొగ వస్తే మన ఇళ్లలో చేయి వెంటనే తడి గోనెసంచి మీదికి పోతుంది, గ్యాస్ సిలిండర్ నేర్పిన అలవాటు. లిథియం సెల్ గాలి ఆడకపోయినా లోపల్లోపలే రగులుతుంది. కప్పడం కాదు, చల్లార్చడం కావాలి. అమ్మని ముందు బయటికి పంపండి. మెయిన్ ఆపండి. మంట చిన్నదై, దగ్గరికి వెళ్లగలిగితే బకెట్లతో నీళ్లు పోస్తూనే ఉండండి. విమాన సిబ్బందికి నేర్పేది కూడా మంట తగ్గించాక నీళ్లతో చల్లబరచమనే. ఆ పొగ విషం, పీల్చకండి. పొగ గది నిండితే తలుపు వేసి బయటికొచ్చి 101కి ఫోన్ చేయండి.

మీ డీఎస్‌డీటీలో ఆ ఆఫ్‌సెట్‌కి ఉన్న పేరు, దాన్ని తాకే మెథడ్ తాలూకు పది పదిహేను లైన్లు, ఈసీ ఫర్మ్‌వేర్ వెర్షన్, బ్యాటరీ స్టిక్కర్ ఫోటో పంపండి. స్టిక్కర్ మీద 11.1 వోల్ట్‌లని ఉందా, 11.4 అని ఉందా కూడా రాయండి. మూడు సెల్స్ వరుసగా ఉన్న ప్యాక్‌లో మొదటిది సాధారణంగా 4.2 రకం సెల్స్‌ని, రెండోది 4.35 రకాన్ని సూచిస్తుంది. పాత అసలు ప్యాక్ మీద ఏముందో షాపువాళ్లకి గుర్తుంటే అదీ కనుక్కోండి. అవి చూశాక ఆ బైట్‌లో రాయవచ్చో లేదో ఇద్దరం కలిసి తేల్చుకుందాం. అప్పటిదాకా మాడ్యూల్‌లో రాసే ఫంక్షన్‌ని ఖాళీగానే ఉంచండి.